ఎవరూ దిగనట్టున్న గది

మా పెద్దమ్మ లాడ్జిలో పక్కలు వేసేది. పెళ్ళయిన కొత్తలో చేరి, మోకాళ్ళు మొరాయించేదాకా అక్కడే చేసింది. తలుపు తట్టి లోపలికి పోవడం, నలిగిన దుప్పటి లాగేసి ఉతికింది పరచడం, మూలలు పరుపు కిందికి మడవడం, బాత్‌రూమ్ కడగడం, బయటికొచ్చే ముందు గదంతా ఒకసారి కలయజూడడం. లోపల మనిషి ఉండి వెళ్ళిన ఆనవాలు ఒక్కటి కనబడినా మళ్ళీ మొదటికొచ్చేది. చివరి రోజుల్లో కొత్తగా చేరిన ఆడవాళ్ళ పని చూడడం కూడా ఆవిడ వంతే. ఆవిడ ‘ఊఁ’ అంటేనే గది తయారైనట్టు.

ఇంట్లోనూ ఆ చేతులు ఊరుకునేవి కావు. మంచినీళ్ళు తాగొద్దామని మేం లేస్తే, తిరిగొచ్చేసరికి కూర్చున్న చోట దుప్పటి బల్లపరుపుగా ఉండేది.

“పెద్దమ్మా, మేమింకా కూర్చుంటామే!” అంటే, “కూర్చోండి, ఎవరొద్దన్నారు?” అనేది.

పెద్దనాన్న ట్రావెల్స్ కారు డ్రైవరు. పాసింజర్లు రూముల్లో దిగితే, ఈయన సీటు వెనక్కి వాల్చుకుని కారులో నిద్రపోయేవాడు. దానికెంత అలవాటు పడ్డాడంటే, ఇంట్లో మంచం మీద కూడా ఒక కాలు బ్రేకు మీద పెట్టినట్టు చాచి పడుకుంటాడని పెద్దమ్మ ఎగతాళి చేసేది. సామాను డిక్కీలో ఉంటే తప్ప ఆయన మనసు కుదుటపడదు.

ఇద్దరూ పనులు మానేశాక, ఈ ఎండాకాలం వాళ్ళని కొండమీది ఊరికి తీసుకెళ్దామనుకున్నాను. కారు పెద్దనాన్న తోలతానన్నాడు. తిండి దగ్గరా పేచీ లేదు, బట్టల దగ్గరా పేచీ లేదు. గది ముందే బుక్ చేయాలా వద్దా అనే దగ్గర మాత్రం ఇద్దరూ పట్టిన పట్టు విడవలేదు.

“రోడ్డెక్కినవాడికి రూమెందుకే?” అన్నాడు పెద్దనాన్న. “ముందే బుక్ చేశామనుకో, ఆ రూము మన నెత్తిన కూర్చుని బండి తోలుతుంది. దార్లో ఎక్కడైనా చల్లగా ఉందని ఆగుదామన్నా టైమైపోతోందని బెంగ. ఎక్కడ నిద్రొస్తే అక్కడ ఆగుదాం.”

“ఎండాకాలం సాయంత్రాలు లాడ్జి మెట్ల మీద పిల్లల్నేసుకుని కూర్చునేవాళ్ళని మీరు చూళ్ళేదు. నేను చూశాను. రూముల్లేవంటే వాళ్ళ మొహాలు చూడలేం.”

“మనకా బాధ లేదుగా? మనకి కారుంది.”

“మీ కారులో మీరు పడుకోండి,” అంది పెద్దమ్మ. ఆ తర్వాత గొంతు తగ్గించింది. “ఇన్నేళ్ళు ఎవరెవరికో పక్కలేశాను. నేను వెళ్ళేసరికి నాకోసం వేరేవాళ్ళు పక్క వేసి ఉంచాలి. ఒక్క రాత్రి దాని మీద పడుకోవాలి. నేనడిగేది అంతే.”

నేను అక్కడే ఫోన్ తీసి పెద్దమ్మ పేరు మీద రెండు రాత్రులకి ముగ్గురు పట్టే గది బుక్ చేశాను.

చేరేసరికి సాయంత్రమైంది. గది ముచ్చటగా ఉంది. తెల్లటి దుప్పటి, మూడు దిండ్లు, కిటికీలోంచి లోయ. “ఇంక దర్జాగా పడుకో పెద్దమ్మా,” అని నేను మొహం కడుక్కోవడానికి వెళ్ళాను. వచ్చి చూద్దును కదా, పరుపు బోడిగా ఉంది, దుప్పటి గాలిలో ఉంది.

“మూల జారిందే. ఒక్క నిమిషం,” అంది నా వైపు చూడకుండా.

పెద్దనాన్న పడీ పడీ నవ్వాడు. “హాయిగా తిరిగొద్దామని వచ్చామనుకున్నా. నువ్వు డ్యూటీకొచ్చావన్నమాట!”

తప్పు చేశానని ఆవిడకి కాసేపటికి తెలిసింది. మంచం అంచున కూర్చుని, “నేను వేసిన పక్క మీదే పడుకోబోతున్నాను చూడు,” అంది. నాకు జాలేసింది. రేపింకో రాత్రి ఉంది కదా అన్నాను. “ఆఁ, రేపుంది,” అంది.

మర్నాడు పొద్దున్నే జలపాతం చూడ్డానికి బయల్దేరాం. నేను జడ వేసుకునేలోపు ఆవిడ గదంతా సర్దేసింది. బకెట్టు బోర్లించింది, సబ్బు కడిగి ఆరబెట్టింది, తడి తువ్వాళ్ళు మడతపెట్టింది, చెత్త పట్టుకెళ్ళి బయట డబ్బాలో వేసొచ్చింది. “ఈ రాత్రి కూడా ఇక్కడే ఉంటాం పెద్దమ్మా” అన్నా వింటేగా! ఈలోగా పెద్దనాన్న తన అలవాటు కొద్దీ సంచులన్నీ డిక్కీలో పెట్టేశాడు. తాళంచెవి బయటికి పట్టుకుపోవడం పద్ధతి కాదంటూ పెద్దమ్మ దాన్ని కౌంటర్ మీద పెట్టింది. అప్పుడక్కడ ఎవరూ లేరు. మేం ముగ్గురం మహా బుద్ధిమంతుల్లా కారెక్కాం.

సాయంత్రం తిరిగొస్తే కౌంటర్లో ఉన్నాయన మమ్మల్ని చూసి తెల్లబోయాడు.

“మీరు ఖాళీ చేసి వెళ్ళిపోలేదా?”

పొద్దున ఆయన వచ్చి చూసేసరికి తాళంచెవి కౌంటర్ మీద ఉంది. సామాను లేదు. గదిలో చూస్తే రాత్రి మనుషులున్న జాడే లేదు. ఆయన మాత్రం ఏమనుకుంటాడు? మధ్యాహ్నం బుకింగు లేకుండా వచ్చి, మెట్ల మీద కూర్చున్న కుటుంబానికి ఆ గది ఇచ్చేశాడు. తప్పు తనదేననీ, ఫోన్ చేయాల్సిందనీ, కావాలంటే వాళ్ళని ఖాళీ చేయిస్తాననీ అన్నాడు.

“పిల్లలున్నారా?” అని అడిగింది పెద్దమ్మ. ఇద్దరున్నారన్నాడు. “అయితే ఉండనివ్వండి,” అని వెనక్కి తిరిగింది.

‘నేను చెప్పలేదూ’ అని పెద్దనాన్న ఎత్తిపొడుస్తాడని భయపడ్డాను. ఆయన భార్య మొహం చూశాడు. తర్వాత కౌంటర్ మీద రెండు మోచేతులూ ఆనించాడు.

“బాబూ, నాకు కారు చాలు, ఇప్పుడెళ్ళి పడుకోమన్నా పడుకుంటా. మా ఆవిడకి మాత్రం గది కావాలి. అది ఇచ్చేదాకా నేనిక్కణ్ణించి కదల్ను.”

నా జన్మలో ఆయన లాడ్జి గది అడగడం అదొక్కసారే చూశాను. కౌంటరాయన ఎవరెవరికో ఫోన్లు చేశాడు. చివరికి పైఅంతస్తులో ఒక గది తేలింది. దిగినవాళ్ళు అప్పుడే వెళ్ళారట, శుభ్రం చేయాలి, పనిలో ఉన్నది ఒక్క మనిషే, కాసేపు ఆగాలన్నాడు. పైకెళ్ళి వరండాలో కుర్చీల్లో కూర్చున్నాం.

ఆ మనిషి దుప్పట్లు చేతిమీద వేసుకుని వచ్చింది. నా వయసే ఉంటుంది. పెద్దమ్మని చూసి ఆగింది.

“కింద రూము సర్దింది మీరేనా అమ్మా? నేను లోపలికెళ్ళి నోరెళ్ళబెట్టాను. నిన్నటినుంచీ ఎవరూ దిగలేదేమో అనుకున్నా. ఈ పనే చేసేవారా?”

పెద్దమ్మ సిగ్గుపడింది. దొంగతనం బయటపడ్డట్టు తల దించుకుని, “చేసేదాన్ని,” అంది. వెంటనే లేచింది. “నువ్వొక్కదానివే చేయాలిగా, పద. ఇద్దరం పడితే చిటికెలో అయిపోతుంది.”

“వద్దమ్మా. ఇది నా పని. మీరు కూర్చోండి,” అని ఆ మనిషి తలుపు దగ్గరగా వేసుకుంది.

పెద్దమ్మ కూర్చుంది. కూర్చుందన్న మాటే గానీ చేతిసంచి పిడిని మెలిపెడుతూనే ఉంది. లోపల దుప్పటి దులిపిన చప్పుడైంది. “పరుస్తోంది,” అంది. కాసేపాగి, “దిండ్ల దగ్గరికొచ్చింది,” అంది. పెద్దనాన్న ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. లేవకుండా పట్టుకున్నాడో, ఊరికే పట్టుకున్నాడో నాకు తెలియదు.

తలుపు తెరుచుకుంది. పెద్దమ్మ గుమ్మంలో నిలబడి పక్క వైపు చూసింది. దిండు గలీబు తెరిచి ఉన్న వైపు తలుపుకి ఎదురుగా ఉంది. ఆవిడ దగ్గర పనిచేసినవాళ్ళు అలా పెడితే మళ్ళీ చేయించేది.

ఆ మనిషికి చెమటలు పట్టి ఉన్నాయి. “చూసి చెప్పండమ్మా,” అంది బెరుగ్గా. “సరిగ్గా వేశానా?”

“నాకేం తెలుసమ్మా,” అంది పెద్దమ్మ. “నేను పడుకోవడానికొచ్చినదాన్ని.”

చెప్పులు విడిచి, మంచం ఎక్కి, కాళ్ళు బారచాపుకుంది.