అడగని జీతం

మా ఇంట్లో మగవాళ్ళు ధర నోటితో చెప్పేవారు కాదు. ధాన్యం వ్యాపారి వస్తే గుమాస్తా మాట్లాడేవాడు. తాతగారు పడక కుర్చీలో పేపరు చదువుకుంటూ, ఏమీ విననట్టే ఉండేవారు. గుమాస్తాను పెట్టుకోలేని రోజులు వచ్చాక కూడా నాన్నగారు ధర చెప్పలేదు. వ్యాపారి ఎంతంటే అంతకు తలూపారు. తర్వాత భూమి కొనేవాళ్ళు ఎంతంటే అంతకూ తలూపారు. తెలివితక్కువతనమని ఊళ్ళో నవ్వుకున్నారు. నేనలా అనుకోలేదు. ఇప్పటికీ పూర్తిగా అనుకోను.

ఇంగ్లండ్‌లో రీడింగ్ అనే ఊళ్ళో సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి వెళ్ళినప్పుడు, జీతం ఎంత ఆశిస్తున్నారని అడిగారు. "మీకు న్యాయమనిపించినంత" అన్నాను. పదిహేనేళ్ళుగా అక్కడే ఉన్నాను. ఏటా పెంపు పాత జీతం మీదే లెక్కగడతారు కనుక, మొదటి రోజు తగ్గినది ఏటా తగ్గుతూనే వచ్చింది. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ నోరు విప్పకపోవడం మర్యాద అనుకున్నాను.

రెండేళ్ళ కిందట ఒక కడప అమ్మాయి మా టీమ్‌లో చేరింది. చేరకముందు, తెలిసినవాళ్ళ ద్వారా నంబరు తీసుకుని ఫోన్ చేసింది.

"జీతం ఎంత అడగమంటారన్నా?"

"అడగొద్దమ్మా. పని చూసి వాళ్ళే ఇస్తారు."

ఆమె నా మాట విన్నది. అదే వారం, అదే పనికి, ఇక్కడివాడొకడు చేరాడు. మొన్న శీతాకాలంలో క్యాంటీన్‌లో ఇంటి లోన్ సంగతి వచ్చి, అతను తన జీతమెంతో మామూలుగా చెప్పేశాడు. ఆమె లంచ్ బాక్స్ మూత కూడా తీయకుండా నా దగ్గరికి వచ్చింది.

"వాడు రాసిన కోడ్ దిద్దేది నేనన్నా! వాడికి నాకంటే అంత ఎక్కువెట్లా?"

"ఎలా వచ్చిందట?"

"అడిగినాడంట. అంతే. మీరేమో అడగొద్దంటిరి. మీరు దొరలు, అడగరు, సరే. నేను టీచరు కూతుర్ని, నాకెందుకన్నా ఈ దొరతనం?"

పాపను నర్సరీలో వదలడానికే జీతంలో సగం పోతోందని, జీతం సరిచేయకపోతే వారానికి మూడు రోజులే వస్తానని ఆమె చెప్పింది.

మరునాడు ఆమె జీతం సంగతి మాట్లాడడానికి మేనేజర్ గదికి వెళ్ళాను. అతను మర్యాదగా తలుపు వేశాడు.

"ఆమె అడిగేది న్యాయమే. కానీ అంత ఇస్తే మీ జీతానికి దగ్గరికి వచ్చేస్తుంది. పదిహేనేళ్ళ సీనియర్ మీరు. బాగుండదు కదా!"

నా మౌనం ఇన్నాళ్ళూ ఆమె జీతాన్ని ఎదగనివ్వని పైకప్పులా ఉందని అప్పుడు తెలిసింది.

"అయితే ముందు నాది పెంచండి" అన్నాను. చెవులు వేడెక్కాయి. అతను నవ్వాడు. "మీరెప్పుడు అడుగుతారా అని చూస్తున్నాను."

నెల తిరక్కుండానే నాకు పెరిగింది. ఆమెకు పెరగలేదు. టీమ్‌కు ఈ ఏడు కేటాయించిన సొమ్ము నాతో అయిపోయిందట. నాది వెనక్కి తీసుకుని ఆమెకివ్వమని అడగడానికి మళ్ళీ ఆ గదికి వెళ్ళాను. అలా కుదరదన్నాడు.

కార్ పార్క్‌లో ఆమెకు చెప్పాను. ఆమె కారు తలుపు తీసి పట్టుకుని విన్నది.

"పోనీలే అన్నా, అడిగితే ఇస్తారని మీకైనా తెలిసొచ్చె." కారెక్కుతూ అన్నది: "వచ్చే నెల నుంచి మూడు రోజులే వస్తా."

ఆమె రాని రెండు రోజుల పని, ఆమెతో పాటు చేరిన అతనికి ఇచ్చారు. బాధ్యత పెరిగింది కనుక, ఆమెకు తగ్గిన జీతం సొమ్ములోంచి అతని జీతం పెంచాలని మేనేజర్ అన్నాడు. సీనియర్‌గా సిఫారసు నన్నే రాయమన్నాడు. రాశాను. అతను పని బాగానే చేస్తున్నాడు. చేయడం లేదని రాయలేను కదా.