దేవుడి కంచం కడిగిన గంగరత్నం

దేవుడి ఆకలి ఎంతో గంగరత్నానికి కొలతతో సహా తెలుసు. పూటకి పావుకిలో బియ్యం, గరిటెడు నెయ్యి, రెండు కూరలు, ఒక పచ్చడి, గట్టి పెరుగు. పప్పున్న రోజున అప్పడాలు నాలుగు. అరటికాయ వేపుడైతే కొల్లూరు లంకల కాయే కావాలి, ఇంకెక్కడి కాయ తెచ్చినా దేవుడు పక్కకి నెట్టేస్తాడు. పదకొండేళ్ళు ఆమె ఆ దేవుడికి వండింది, వడ్డించింది, కంచం కడిగింది.

ఆ దేవుడి అసలు పేరు రంగనాయకులు. తెనాలిలో ఒక ఎరువుల కొట్టులో గుమాస్తా. ఓసారి సెలవు పెట్టి హిమాలయాలకి వెళ్ళానని చెప్పి, గడ్డంతో తిరిగొచ్చి, అన్నం మానేశానన్నాడు. అక్కడ ఒక మహాగురువు తన నెత్తిన చెయ్యి పెట్టి సర్వాధికారాలూ ఇచ్చాడనీ, ఇక సూర్యకిరణాలే తన ఆహారమనీ ప్రకటించాడు. రోజూ పొద్దున్నే డాబా ఎక్కి, తూర్పు తిరిగి నోరు తెరుచుకుని నిలబడేవాడు. ఆ నోట్లో కిరణాలెన్ని పడ్డాయో తెలీదు గాని, జనం మాత్రం బాగా పడ్డారు. రెండేళ్ళు తిరక్కుండా రంగనాయకులు కిరణస్వామి అయ్యాడు. ఊరి పొలిమేరలో కిరణ సమాజం పేరుతో ఆశ్రమం లేచింది.

గంగరత్నానిది రేపల్లె. మొగుడు పోయాక పెళ్ళివంటల వాళ్ళతో తిరిగేది. ఐదొందల మందికి పులిహోర ఒంటిచేత్తో కలపగల మనిషి. అయితే ఆమెకో బాధ ఉండేది. పెళ్ళివాళ్ళు పురోహితుణ్ణి అడుగుతారు భోంచేశారా అని. సన్నాయి వాళ్ళని అడుగుతారు. ఫోటోలు తీసేవాణ్ణి కూడా అడుగుతారు. పొయ్యి దగ్గర నిలబడ్డదాన్ని ఎవరూ అడగరు. ఇరవై ఏళ్ళ వంటలో ఒక్కరంటే ఒక్కరు అడగలేదు.

ఆశ్రమానికొచ్చే భక్తులకి వండటానికి ఎవరో ఆమెని తెనాలి తీసుకెళ్ళారు. నెల తిరక్కుండానే ఆమె చేతి వంకాయకూర వాసన లోపలి గది దాకా వెళ్ళినట్టుంది, కబురొచ్చింది. లోపల మౌనమందిరంలో సూర్యభగవానుడి పటానికి రోజూ నైవేద్యం పెట్టాలట. తలుపేసుకుని పెట్టాలట. మొదటిరోజు ఆమె కంచం తీసుకెళ్ళి పటం ముందు పెట్టింది. స్వామి చెయ్యి కడుక్కుని ఆ కంచాన్ని తన ముందుకి లాక్కున్నాడు. గంగరత్నం నోరు తెరుచుకుని నిలబడిపోయింది.

“ఏంటి తల్లీ అలా చూస్తావు? నేను తింటున్నాననుకుంటున్నావా?” అన్నాడు స్వామి, పప్పన్నం కలుపుతూ. “ఈ శరీరం ఖాళీ ఇల్లమ్మా. దేవుడు ఇందులో కూర్చుని భోంచేస్తున్నాడు. చెయ్యి నాది, నోరు నాది, ఆకలి ఆయనది. కాస్త నెయ్యి వెయ్యి.”

గంగరత్నం నెయ్యి వేసింది. నమ్మింది కూడా.

నవ్వేవాళ్ళు నవ్వొచ్చు. కళ్ళెదురుగా తింటుంటే తినడం లేదని ఎలా నమ్మిందంటే దానికొకటే జవాబు. నమ్మితే ఆమె దేవుడికి వండే మనిషి. నమ్మకపోతే ఒక దొంగకి వండే మనిషి. ఇరవై ఏళ్ళు ఎవరూ పలకరించని మనిషికి ఈ రెంట్లో ఏది తియ్యగా ఉంటుందో చెప్పక్కర్లేదు. పైగా భక్తులు ఆమెని వంటతల్లి అనడం మొదలుపెట్టారు. పర్వదినాల్లో వరసగా వచ్చి ఆమె కాళ్ళకి దణ్ణం పెట్టేవాళ్ళు. “భోంచేశారా అమ్మా?” అని అడిగేవాళ్ళు.

పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుందంటారు. ఇక్కడ పిల్లి కళ్ళు తెరుచుకునే తాగేది, కళ్ళు మూసుకున్నది చుట్టూ ఉన్నవాళ్ళు. అన్నం ముట్టని స్వామికి ఏటికేడాది పొట్ట పెరిగింది. అది తేజస్సు నిలవుండే చోటని సమాజం పుస్తకంలో రాశారు. ఆ వాక్యం రాసింది సమాజం కార్యదర్శి హనుమంతరావు మాస్టారు, రిటైరైన హెడ్మాస్టరు. ఆయన మళ్ళీ వస్తాడు.

ఎనిమిదో ఏట ఒకరోజు స్వామికి కడుపునొప్పి పట్టుకుంది. ముందురోజు పనసపొట్టు కూర రెండుసార్లు అడిగి వడ్డించుకున్నాడు. బయట రెండొందల మంది దర్శనానికి కూర్చుని ఉన్నారు. లోపల స్వామి మెలికలు తిరిగిపోతూ, “రత్నం, కూరలో ఆవ ఎక్కువేశావే” అని మూలిగాడు. గంగరత్నం వాము నీళ్ళు మరిగిస్తూ అనుకుంది, తిన్నది దేవుడైతే నొప్పి ఈయనకెందుకొచ్చింది అని. అంతే. పెద్ద జ్ఞానమేం కాదు, పొయ్యి దగ్గర ఎవరికైనా తట్టే మాటే. తట్టడానికి ఎనిమిదేళ్ళు పట్టింది.

బయటికొచ్చి మాస్టారు చెప్పాడు, స్వామివారు ఒక భక్తురాలి పాపఫలాన్ని తమ కడుపులోకి తీసుకున్నారని. ఆ మాట వినగానే వేటపాలెం నుంచి వచ్చిన ఒకామె లేచి బావురుమంది. జీడిపప్పు ఫ్యాక్టరీలో పనిచేసే మనిషి, జీడి రసానికి పది వేళ్ళూ నల్లగా కాలిపోయి ఉన్నాయి. “నా పాపమేనండి, నా పాపమే స్వామి కడుపులో పడింది” అంటూ ఆ చేతులతోనే లెంపలేసుకుంది. వాము నీళ్ళ గ్లాసు పట్టుకుని గంగరత్నం అక్కడే నిలబడింది. నీ పాపం కాదమ్మా, పనసపొట్టు అని ఒక్కమాట అనొచ్చు. అనలేదు. గ్లాసు తీసుకుని లోపలికెళ్ళింది.

ఆ తరవాత ఇంకో మూడేళ్ళు వండింది. పోనీ చివరికైనా అసహ్యం పుట్టి వెళ్ళిపోయిందా అంటే అదీ లేదు. డాక్టరు నూనె తగ్గించమన్నాడని స్వామి హైదరాబాదులో చదువుకున్న ప్రియాంక అనే అమ్మాయిని వంటకి పెట్టుకున్నాడు. దేవుడు ఓట్స్ జావకి మారాడు. “నీ సేవ పూర్తయింది తల్లీ” అని గంగరత్నం చేతిలో చీరా పసుపూకుంకం పెట్టి పంపేశారు. సత్యం తెలిసి బయటికొచ్చినామె కాదు, ఓట్స్ ఉడకెయ్యడం రాక బయటికొచ్చినామె. ఈ ముక్క ఆమెకీ తెలుసు. అందుకే రేపల్లెలో ఎవరడిగినా వయసైపోయింది, వచ్చేశానని చెప్పేది.

ఏడాది గడిచింది. మొన్న శనివారం బాపట్ల నుంచి మరిది ప్రసాద్ ఫోన్ చేశాడు. గంగరత్నం చెల్లెలు కుమారి మొగుడు, కాలేజీ దగ్గర జెరాక్స్ కొట్టు నడుపుతాడు.

“వదినా, కుమారి కిరణదీక్ష పట్టిందండి. ఇరవై ఒక్క రోజులంట. ఇవాళ్టికి ఎనిమిది. నీళ్ళు తప్ప ఏం లేదు. షుగర్ బిళ్ళలు కూడా మానేసింది. పొద్దున బాత్రూంలో కళ్ళు తిరిగి పడింది. ఆస్పత్రికి రమ్మంటే తలుపేసుకుంటంది. మీ మాటైతే వింటది.”

కుమారి ఆమెకంటే పన్నెండేళ్ళు చిన్న. తల్లి పోతే గంగరత్నమే గోరుముద్దలు పెట్టి పెంచింది. షుగర్ తగ్గుద్దని చెప్పి ఆశ్రమానికి మొదట తీసుకెళ్ళిందీ గంగరత్నమే. ఫోన్ పెట్టేసింది. తన మాట ఒక్కటే చాలదనిపించింది. చదువుకున్నవాళ్ళు నలుగురు వచ్చి చెబితే బాగుండుననిపించింది. అలాంటివాళ్ళు బాపట్లలోనే ఉన్నారు. స్వామితో చెడి బయటికొచ్చిన పాత సభ్యులంతా ఆదివారం హనుమంతరావు మాస్టారి మేడమీద సభ పెట్టుకున్నారు. సాక్ష్యం చెప్పడానికి రమ్మని ఆమెకి రెండుసార్లు కబురు కూడా చేశారు. పొద్దున్నే చెరుకుపల్లి మీదుగా పోయే బస్సెక్కి వెళ్ళింది.

మేడమీద పాతికమంది ఉన్నారు. మాస్టారు తెల్లబట్టల్లో మధ్యన కూర్చున్నాడు. హిమాలయాల గురువు దగ్గర ఉన్నానని రంగనాయకులు చెప్పుకునే నెలల్లో అతను వేరే ఊళ్ళో ఇంకో ఎరువుల కొట్టులో ఉన్నాడని, ఇదిగో అతని చేతిరాత బిల్లులని కాగితాలు తిరగేసి చూపించాడు. “అసలీయనకి అధికారం ఎవరిచ్చారు? అదీ ప్రశ్న” అన్నాడు. అందరూ తలలూపారు. పదేళ్ళు అవే తలలు అటువైపు ఊగాయి.

గంగరత్నం లేచింది. “అదంతా నాకు తెలీదండి. ఆయన తింటాడు. రోజూ నేనే పెట్టాను. ఆ ముక్క చెప్తాను.”

మాస్టారు చెయ్యి పైకెత్తాడు. “ఆ తిండి సంగతి మాత్రం ఎత్తొద్దమ్మా.”

“ఎందుకండి?”

“మనమంతా పదేళ్ళు నమ్మాం గదా. ఇప్పుడు జనం మనల్నేమంటారు?”

“వెధవలంటారండి.”

ఎవరూ నవ్వలేదు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు పాతికమందీ కుర్చీల్లో సర్దుకున్నారు. గంగరత్నం చెల్లెలి సంగతి చెప్పింది. మీలో ఒక్కరొచ్చి ఆయన మోసగాడని చెప్పండి, ఇల్లు ఇక్కడికి నాలుగు వీధులే అని చేతులు జోడించింది.

“దీక్ష మంచిదేనమ్మా” అన్నాడు మాస్టారు శాంతంగా. “గురువు మంచివాడు కాడు. రేపు మన కొత్త సమాజంలోనూ దీక్ష ఉంటుంది, సరైన గురువు చేతిమీదుగా.” సరైన గురువెవరో ఆయన చెప్పలేదు గాని, తెల్లబట్టలు సర్దుకున్నాడు.

గంగరత్నానికి ఒళ్ళు మండింది. ఒక దొంగ ఇంట్లోంచి బయటికొచ్చి అచ్చం అలాంటి ఇల్లే కట్టుకుంటున్నారు వీళ్ళు. వాళ్ళిచ్చిన టీ అక్కడే పెట్టేసి మెట్లు దిగింది.

కుమారి కిటికీ కింద చాపమీద ఎండలో పడుకుని ఉంది. పెదాలు పగిలిపోయాయి, కళ్ళు లోపలికిపోయాయి. అక్కని చూసి నవ్వింది. ఆ నవ్వు చూడలేక గంగరత్నం వంటింట్లోకి నడిచి కుక్కర్ తీసింది. తొమ్మిది రోజులు ఎండిన పేగులకి ఏం పెట్టాలో ఆమెకి తెలుసు. గుప్పెడు బియ్యం జారుగా ఉడికించి, పెసరకట్టులో చిటికెడు ఉప్పు వేసింది.

“అక్కా, వండకే. వాసనొస్తే దీక్ష చెడుద్ది.”

“ఆ స్వామి తింటాడే. పదకొండేళ్ళు నేనే పెట్టాను.”

“ఆయన తినడు” అంది కుమారి నీరసంగా, ఓపిగ్గా. “దేవుడు ఆయనలో కూర్చుని భోంచేస్తాడు. చెయ్యి ఆయనది, నోరు ఆయనది, ఆకలి దేవుడిది. నువ్వే గదా చెప్పావు.”

గంగరత్నం చేతిలో గరిటె ఆగిపోయింది. అవును, ఈ వంటింట్లోనే చెప్పింది, గొప్పగా, చేతులు తిప్పుతూ.

“అది అబద్ధమే.”

“అబద్ధమైతే నువ్వెందుకు చెప్తావు? నాకు నువ్వెప్పుడూ అబద్ధం చెప్పలేదుగా.”

పొద్దుట్నించి మాస్టారు మేడమీద వెతుకుతున్న ప్రశ్నకి జవాబు గంగరత్నానికి ఇక్కడ దొరికింది. రంగనాయకులికి అధికారం ఎవరిచ్చారు? హిమాలయాల దాకా పోనక్కర్లేదు. ఈ ఇంట్లో ఇచ్చింది తను. కుమారి ఏనాడూ స్వామిని నమ్మలేదు, అక్కని నమ్మింది. ఇప్పుడు పడగొట్టాల్సింది ఆ గడ్డంవాణ్ణి కాదు. ఈ భూమ్మీద తనని నమ్మే ఒకే ఒక్క మనిషి దగ్గర తన మాటని తనే పడగొట్టుకోవాలి.

స్టవ్ కట్టేసి వచ్చి చాప పక్కన కూర్చుంది. పనసపొట్టు సంగతి చెప్పింది. వేటపాలెం ఆమె వేళ్ళ సంగతి చెప్పింది. ఓట్స్ సంగతి కూడా దాచలేదు. కుమారి గోడకి చేరగిలబడి లేచి కూర్చుంది.

“నీకు తెలిసింది ఎప్పుడు?”

“ఆవిడ ఏడ్చిన రోజునే.”

“నన్ను తీసుకెళ్ళింది ఆ తరవాత.”

“ఆ తరవాతే.”

“తెలిసే తీసుకెళ్ళావా?”

“తెలిసే.”

“ఎందుకే?”

గంగరత్నం తల ఎత్తలేదు. “నలుగురూ నా కాళ్ళకి దణ్ణం పెడతంటే నువ్వు చూడాలనే. ఇంకేం లేదు. నీ షుగర్ తగ్గుద్దని నేనూ అనుకోలేదు.”

వీధిలో ఎవరో కూరలమ్ముకుంటూ పోయారు. ప్రసాద్ గుమ్మంలో నిలబడి అన్నీ విన్నాడు. కుమారి కళ్ళల్లో ఇందాకటి నవ్వు లేదు. పరాయి మనిషిని చూసినట్టు అక్కని చూసింది.

“పెట్టు” అంది.

గంగరత్నం చిన్న కంచంలో జారన్నం, పెసరకట్టు తెచ్చింది. అలవాటుకొద్దీ ముద్ద కలపబోతే కుమారి కంచం తనవైపు లాక్కుంది. తనే కలుపుకుని, ఒక్కో ముద్దా మింగింది. ఆకలితో తిన్నదో కోపంతో తిన్నదో గాని కంచం ఖాళీ చేసింది. ప్రసాద్ బిళ్ళలిస్తే వేసుకుంది. సాయంత్రం ఆస్పత్రికి వస్తానని అతనికే చెప్పింది.

గంగరత్నం చెయ్యి చాపింది, కంచం తీసుకోవడానికి. పదకొండేళ్ళు ఒక దొంగ ఎంగిలి కళ్ళకద్దుకుని కడిగిన చెయ్యి అది.

“నా కంచం నువ్వు కడగొద్దు” అంది కుమారి.

గోడ పట్టుకుని లేచి, అడుగులో అడుగేసుకుంటూ కంచం తీసుకుని పెరట్లోకి వెళ్ళింది. గంగరత్నం చాప పక్కనే కూర్చుని కుళాయి చప్పుడు విన్నది. ఒక్క కంచం కడగడానికి కుమారికి చాలాసేపు పట్టింది.