సముద్రం పక్కకి తిప్పప్పా

బెంగళూరు మహానగర ఆటో డ్రైవర్లకు మా కుటుంబం తరఫున, చేతులు జోడించి, ఘనమైన క్షమాపణ. ఇన్నేళ్లూ మీ చేత సముద్రం వెతికించిన మా పెద్దనాయన ఈ మధ్యే కన్నుమూశారు. ఇకమీద మీరు కుడి, ఎడమ అనే మాటలు నిశ్చింతగా వినవచ్చు.

ఆయన మా నాన్నకు అన్న. ఆనేకల్‌లో మగ్గాల చప్పుడు మధ్య పుట్టి, బ్యాంకు బదిలీ మీద ఉడుపి జిల్లాకు వెళ్లి, రిటైరయ్యేదాకా అక్కడే ఉండిపోయారు. తర్వాత మనిషి వెనక్కి వచ్చారు గానీ, ఆయన దిక్కులు రాలేదు. అక్కడ దారి చెప్పడానికి రెండే మాటలట: సముద్రం పక్క, ఘాట్ల పక్క.

"ఒకపక్క నీళ్లు, ఒకపక్క కొండలు. మధ్యలో తప్పిపోయేదానికి జాగా యాడుండాదప్పా?" అనేవారు.

ఆ జాగా సర్జాపుర రోడ్డులో దొరికింది. ఒక గృహప్రవేశానికి పోతూ, అన్నీ ఒకేలా ఉన్న అపార్ట్‌మెంట్ల మధ్య, మండుటెండలో తెచ్చిన గొడుగు ముందుకు చాపి, "సముద్రం పక్కకి తిప్పప్పా" అన్నారు. మదనపల్లె నుంచి వచ్చిన ఆటో డ్రైవరు బండి ఆపేశాడు.

"సార్, ఈడ చెరువులే మిగల్లేదు. సముద్రం నేను యాడనుంచి తేవాల?"

మేం చేరేసరికి మజ్జిగ మాత్రం మిగిలింది.

నాకు ఒళ్లు మండేది. ఎప్పుడూ పోలికే. అక్కడ ఇల్లు ఇంటికి ఆనుకోదు, ఎవరి తోటలో వాళ్లుంటారు. "పిలిస్తే వానలోనైనా వస్తారు. పిలవకపోతే తొంగి కూడా చూడరు" అని మెచ్చుకునేవారు. అయితే నా ఉద్యోగం పోయి జిగణి బస్టాపులో కూర్చున్న రోజు, ఆయనే వచ్చి నా తలమీద గొడుగు పట్టారు.

"పిలవలేదని తెలుసప్పా. ఊరికే వచ్చినా."



అక్కడి ఏర్లు ఘాట్లలో పుట్టి, ఎక్కడా ఆగకుండా సముద్రంలో దిగుతాయట. "ఈ ఊరి నీళ్లు చూడు, ఒక్క చుక్కా పడమటికి చేరదు." బెంగళూరును ఆయన క్షమించనిది అందుకే. చివర్లో అడిగింది కూడా ఒక్కటే: "నన్ను ఆ పక్క సముద్రంలో కలపండప్పా."

పిల్లల్లేరు కాబట్టి అస్థికల కుండ నా చేతికి వచ్చింది. సరిగ్గా అప్పుడే వానకు కొండ జారి ఘాట్ రోడ్డు మూసేశారు. తెరిచేదాకా ఆగుదామన్నాను. మా చిన్నాయన అప్పటికే శ్రీరంగపట్నానికి వ్యాను మాట్లాడేశాడు.

"కావేరి కూడా సముద్రంలోకే పోతాది కదప్పా."

"అది తూర్పు సముద్రం, చిన్నాయనా."

"ఉప్పగా ఉండాదా, లేదా? ఎక్కు."

డిగ్రీ చదివినవాణ్ని. ఎక్కాను.

కుండ చంకలో పెట్టుకుని పారిపోయి, కాలినడకన ఘాట్లు దిగానని రాయాలని చాలా ఉంది. నేను నిజంగా చేసింది ఇంతే: నీళ్లు పోయే దిక్కుకు వదలమని పురోహితుడు ఎంత చెప్పినా వినబడనట్టు, పడమటికి తిరిగి వదిలాను. బూడిద ఎదురు పోలేక వెనక్కి వచ్చి, నా మోకాళ్లకు తగిలి, కాసేపు అక్కడే తిరిగింది. తూర్పుకు పోవడానికి దానికి ఏమాత్రం తొందర లేదు.