ఏడో అంతస్తు నారు

ఆ రోజుల్లో మాకు ఎత్తంటే తాటిచెట్టే. అంతకన్నా పైన మనుషులు పొయ్యి వెలిగించి కాపురం చేస్తారంటే మా భట్టిప్రోలులో ఎవరూ నమ్మేవారు కాదు. ఆ ఏడు కాలవకి నీళ్ళు ఆలస్యమై నాట్లు లేకపోవడంతో, నేనూ మా పిన్నీ పొద్దున్నే బస్సెక్కి తెనాలిలో కడుతున్న పద్నాలుగు అంతస్తుల అపార్టుమెంటు పనికి పోయేవాళ్ళం. ఆ కూలి లేకపోతే రెండిళ్ళలోనూ పొయ్యి వెలిగేది కాదు. నాకప్పుడు ముప్ఫై నిండలేదు, అక్షరం ముక్క రాదు. (ఈ రాయడం మొన్నమొన్న మా అమ్మాయి పాత పుస్తకాల మీద నేర్చిందే.) ఇంజనీరుగారు సిమెంటు బస్తాల మీద ప్లాను పరిచి, మూలలకి ఇటుకలు పెట్టి, ఇది హాలు, ఇది వంటిల్లు అని మేస్త్రీకి చూపించేవారు. నాకు మాత్రం అందులో గట్లు కట్టిన వరి మళ్ళే కనబడేవి.

స్లాబు పోశాక దాని మీద చిన్న చిన్న గట్లు కట్టి నీళ్ళు నిలబెడతారు, తడి గోతాలు పరుస్తారు. ఆరితే బీటలిస్తుంది. గట్టు కట్టడం, నీరు పెట్టడం మాకు పుట్టుకతో వచ్చిన పని కదా అని మేస్త్రీ (చేతిలో ఎప్పుడూ నీళ్ళ గొట్టమే కాబట్టి మేము గొట్టం మేస్త్రీ అనేవాళ్ళం) ఏడో అంతస్తు మాకప్పగించాడు. "ఇది ఆరిందా, రేపట్నుంచి మీరు బస్సెక్కక్కర్లేదు" అన్నాడు. ఆ మాటకి భయపడి పోసిందే పోశాం. గోతాలు రైసు మిల్లు నుంచి వచ్చినవి, దులపకుండా పరిచాం. తడి గోనెలో వడ్లు మొలకెత్తుతాయని మా వైపు చంటిపిల్లకీ తెలుసు. మాకే గుర్తు రాలేదు. కొద్దిరోజులకి ఒక పొద్దున పైకెక్కి చూస్తే స్లాబంతా పచ్చగా ఉంది.

మేస్త్రీ నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. "ఏంటే ఇది? మేడ కడుతున్నామా, మాగాణి చేస్తున్నామా? రేపు ఇంజనీరుగారు వస్తారు. చూశారంటే మీతోపాటు నన్నూ పంపేస్తారు. పీకెయ్యండి!"

నేను వంగాను. పిన్ని నా చెయ్యి పట్టుకుంది. "మొలిచిన వరిని పీకి పారేస్తే అన్నం పుడుతుందటే? పీకుతాంలే తమ్ముడూ, నారు తీసే రోజు రానీ."

"ఎప్పుడొస్తుందది?"

"ఇంకో పది రోజులు."

మేస్త్రీ గొట్టం అక్కడే పడేసి దిగిపోయాడు.

మర్నాడు నారు మీద వేరే గోతాలు కప్పి, వాటి పక్కన బుద్ధిగా నిలబడ్డాం. ఇంజనీరుగారు రానే వచ్చారు, ఆయన వెనకే గాలీ వచ్చింది. ఓ గోతాం లేచి పక్కకి పడింది. ఆయన దగ్గరకొచ్చి వంగి చూశారు.

"ఏంటమ్మా ఇది?"

"నారండి" అన్నాను.

"ఎవరు పోశారు?"

"ఎవరూ పోయలేదండి. తడి ఆరనివ్వద్దన్నారు కదండి."

ఆయన కూర్చుని గోతాం నొక్కి చూశారు. ఈ చివర నుంచి ఆ చివరకి బీట కోసం వెతుక్కుంటూ నడిచారు. నాకు కళ్ళ ముందు మా ఊరి ఖాళీ కాలవ కనబడింది. తిరిగొచ్చి ఆయన నవ్వకుండా మేస్త్రీతో అన్నారు: "ఇంత మొలిచిందంటే ఒక్క పూటైనా ఆరలేదన్నమాట. మిగతా అంతస్తులకీ వీళ్ళనే పెట్టు. గోతాలు మాత్రం దులపమను."

నారు ఎదిగే నాటికి మా కాలవకీ నీళ్ళొచ్చాయి. కట్టలు కట్టి సామాన్ల లిఫ్టులో దింపి బస్సెక్కించాం. "ఎక్కడి నారమ్మా?" అన్నాడు కండక్టరు. "ఏడో అంతస్తుదండి" అంది పిన్ని, మా ఊరి చేను పేరు చెప్పినట్టుగా. ఇంటి వెనక నాటితే ఓ చేటెడు వడ్లయ్యాయి.

ఇప్పుడు ఆ మేడ మీది పేరు కూడబలుక్కుని చదవగలను. రేపల్లె బస్సులో పోతూ కింద నుంచి లెక్కపెట్టుకుంటూ ఏడో అంతస్తు దగ్గర ఆగుతాను. అక్కడెవరో కుండీల్లో మొక్కలు పెంచుతున్నారు. మొన్న చూస్తే వాడి వేలాడుతున్నాయి. "నీళ్ళు పొయ్యండమ్మా!" అని కిటికీలోంచి గట్టిగానే అరిచాను. పక్కావిడ కాస్త జరిగి కూర్చుంది. జరగనీ. ఏడో అంతస్తు తడి చూసుకోమని నాకు చెప్పారు గాని, ఇక చాలని ఎవరూ చెప్పలేదు.