దగ్గరికి పొమ్మన్నాడు

“ఫోటోలో నా తలకాయ యాడ పోయిందే?” అన్నాడు ఆయన.

“నీకు తలకాయుంటే కదా పడేదానికి!” అన్నాను నేను.

నాకూ నా మొగుడికీ మధ్య ఆఖరి మాటలు అవే. పెనుకొండలో మా ఇంటి ముందర చింతపండు మూటలు ఆటోకెత్తి, తన ఫోను నా చేతికిచ్చి ఒక ఫోటో తీయమన్నాడు. తీశాను. చొక్కా వచ్చింది, పంచె వచ్చింది, మెడ పైన ఏమీ రాలేదు. నవ్వుకుంటూ ఆటో ఎక్కి హిందూపురం మండీకి పోయాడు. అక్కడే గుండె ఆగింది. ఆయన చెప్పులతో పాటు ఆ ఫోను నా చేతికొచ్చింది.

అప్పటినుంచి నా చేయి ఊరుకోదు. కోడి కనబడితే తీస్తాను. ఎండబెట్టిన మిరపకాయలు, కొండ మీద మబ్బు, బస్సు కోసం నిలబడ్డ జనం, ఏదైనా సరే. ఎవరికి చూపినా ఒకటే మాట, “బాగుండాది.” సరిగ్గా చూడకముందే అంటారు, మొగుడు పోయినదాన్ని నొప్పించకూడదని. నాకు ఒళ్లు మండేది. కూరలో ఉప్పు తక్కువైతే మొహాన చెప్పేవాళ్లు, ఫోటోలో ఏం తక్కువైందో ఎందుకు చెప్పరు?

ఆయన పటం కట్టించడానికి ధర్మవరం పోయాను. స్టూడియో పెద్దాయన ఆధార్ కార్డులోని ముఖాన్ని పెద్దది చేయబోతూ, ఇంతకన్నా మంచిది ఉందేమోనని ఫోనులో వెతికాడు. వెతుకుతూ నేను తీసినవన్నీ చూశాడు.

“ఎవరు తీసినారమ్మా ఇవి?”

“నేనే. బాగుండాది అనొద్దన్నా. ఏం బాగలేదో చెప్పు.”

కళ్లద్దాలు పైకి నెట్టుకున్నాడు. “వెలుతురు నీకు తెలుస్తాండాది. ఈ మిరపకాయలు చూస్తే ఘాటు ముక్కుకు తగుల్తాండాది. మనుషులే కుదర్లేదు. అందరూ చీమల మాదిరి ఉండారు. ఈ పెండ్లిలో పెండ్లికూతురు యాడుండాదో వెతుక్కోవాల. దగ్గరికి పో.”

“వేళ్లతో లాగితే దగ్గరికొస్తాది కదన్నా?”

“వేళ్లతో కాదమ్మా, కాళ్లతో పో. పోయి తీసి నాకు పంపు. తిడతా.”

చెప్పడం సులువే. ఆ పెండ్లిని నేను పందిరి గుంజ చాటునుంచి తీశాను. ముండమోసినది శుభకార్యంలో ఎదురు రాకూడదు. నా కాళ్లకు అది ఒకరు చెప్పక్కర్లేదు, వాటంతట అవే వెనక్కి పోతాయి. తిరుగు బస్సులో కూర్చున్నానన్న మాటే గానీ కుదురు లేదు. తప్పు చేతిలో ఉంటే దిద్దుకుంటాను. ఊరి నోట్లో ఉంటే ఎట్లా దిద్దుకునేది?

ఇంతలో హిందూపురంలో సీమంతం వచ్చింది. నేను చెప్తుంటే ఇది రాస్తున్న నా చెల్లెలు, దాని కూతురికే. పిల్ల కుర్చీలో కూర్చుంది, చుట్టూ గాజులు తొడిగే ముత్తైదువలు. నేను తలుపు దగ్గర. అక్కడినుంచి నాకు కనబడేవి వీపులు, జడలు. ఒక అడుగు వేశాను, వెనక్కి తీశాను. మళ్లీ వేశాను.

“ఏమమ్మో, యాడికొస్తాండావు?” అంది పిల్ల అత్త.

“ఫోటోకు.”

“ఆడ్నుంచే తీయి.”

“ఆడ్నుంచి తీస్తే నీ వీపే పడ్తాండాది. నీ వీపును పటం కట్టించుకుంటావా?”

ఆడవాళ్లంతా గొల్లున నవ్వారు. కుర్చీలో పిల్ల కూడా కడుపు పట్టుకుని నవ్వింది. ఆ నవ్వు మీద నొక్కేశాను. నువ్వు మాత్రం నవ్వలేదు చెల్లీ, నేల చూశావు. అది కూడా రాయి, కొట్టేయొద్దు.

ధర్మవరానికి పంపితే పెద్దాయన గొంతు వచ్చింది ఫోనులో. “దగ్గరికొచ్చినావు. ముఖం పడింది. అయితే చెయ్యి వణికింది తల్లీ. మోచేతులు పక్కలకు ఆనించుకో. ఈసారి ఊపిరి బిగబట్టి తీయి.”

ఈసారి అన్నాడు. ఆ మాట నన్ను నిలవనీయడం లేదు. బిడ్డ పుడితే తొట్లెలో వేస్తారు కదా, ఆ రోజు నేను తొట్లె పక్కన నిలబడాలి. పిల్ల రమ్మంటుంది, నాకు తెలుసు. దాని అత్త వద్దంటుంది, అదీ తెలుసు. నువ్వేమంటావో ఇంతవరకు చెప్పలేదు.

ఏం చెల్లీ, కలం ఆపినావు? రాసినావా? ఏదీ, మొత్తం గట్టిగా చదువు. నీ నోటితో వింటా.