తట్టని చెయ్యి

2008లో వనపర్తిలో డిగ్రీ చదువుతూ, సాయంత్రాలు ఒక సార్ దగ్గర జుజిట్సు నేర్చుకునేవాణ్ణి. ఒకరోజు నాతో మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ స్పారింగ్‌కి ఆత్మకూరు నుంచి నర్సింహులు అనే కుస్తీ పహిల్వాన్ వచ్చాడు.

"ఊపిరాడకుంటే ఓడిపోయిన్నని చేత్తోని తట్టు. ఇడిచిపెడ్తడు" అని సార్ అతనికి చెప్పారు.

"నేనెందుకు తడ్త సార్?" అని నవ్వాడతను.

మొదలైన కాసేపటికే నన్ను నడుం పట్టి ఎత్తి, మ్యాట్ మీద వెల్లకిలా పడేశాడు. కుస్తీలో వీపు నేలకు తగిలితే ఆట ముగిసినట్టే. నా మీద మోకాళ్లపై ఉండగానే, గెలిచానని ఒక చెయ్యి పైకెత్తాడు. మా విద్యలో అసలు పని అక్కడే మొదలవుతుంది. అతని మెడనూ రెండో చేతినీ కలిపి నా కాళ్ల మధ్య బిగించాను. ముఖం కందిపోయింది, కళ్లు తేలిపోతున్నాయి. అయినా తట్టడే! గెలిచినవాడు ఎందుకు తడతాడు? ఉన్నట్టుండి స్పృహ తప్పి వాలిపోయాడు.

"ఇడువ్‌రా, సస్తడు!" అని సార్ అరిచారు.

వదిలేశాను. సార్ అతని కాళ్లు పైకెత్తి పట్టుకున్నారు. మనిషిని చంపేశాననే అనుకున్నాను.

చివరికి కళ్లు తెరిచాడు. నన్ను చూసి, "నీ ఈపు ముందే నేలకంటింది. గెల్సింది నేనే" అన్నాడు.

బతికాడు, నాకదే చాలు. కానీ ఇప్పటికీ ఎక్కడ ఎదురుపడినా, నా వీపు మీద లేని మట్టిని దులిపి మరీ పోతాడు.