మసక అద్దం, కొబ్బరినూనె

ఆ రోజుల్లో పెళ్లిచూపులంటే పేరుకే చూపులు. చూసేది వాళ్లు, నేల చూపులు చూసేది మనం. తల ఎత్తితే గడుసుదంటారు, ఎత్తకపోతే మెడ పట్టేసిందా అంటారు. మా మేనత్త తన పెళ్లిచూపుల్లో చూసింది మొత్తం మీద పెళ్లికొడుకు కాలి బొటనవేలు ఒక్కటేనట (బొటనవేలికి వంక పెట్టలేం, మిగతా మనిషి గురించే ఆవిడ జీవితమంతా చెబుతూ వచ్చింది). అందుకని నా వంతు వచ్చినప్పుడు ముఖం చూడకుండా ఎవరికీ ఊఁ అనకూడదని గట్టిగా అనుకున్నాను. పైకి అనే ధైర్యం లేదు గనక, హాలుకీ మధ్యగదికీ ఉన్న తలుపు పరదా పక్కకు తీసి చూసుకుందామనుకున్నాను. సరిగ్గా అప్పుడే మా నాన్న ఆ పరదా పీకేశారు.

రేపల్లెలో మేం కొత్తగా డాబా వేసుకున్న రోజులవి. పరదా బదులు ఆ తలుపుకు అద్దం పెట్టించాలని నాన్న తెనాలి వెళ్లి, అద్దాల కొట్టులో పూటంతా కూర్చుని వచ్చారు. తెల్ల అద్దం పెడితే ఇల్లంతా బజారున పడుతుందట. రంగుటద్దాలు పెడితే చుట్టాలు పచ్చగా, ఎర్రగా కనపడతారట. పువ్వుల అద్దం ఆయనకు నచ్చిందిగానీ, ఎదురింటివాళ్లు అప్పటికే పెట్టేశారు. చివరికి కొట్టాయన మసక అద్దం చూపించి, "ఇది మర్యాదస్తుల అద్దమండి. వెలుతురొస్తది, ఎదుటోళ్ల చూపు రాదు" అన్నాడట. ఆ మాటకు పడిపోయిన నాన్న, గోనెపట్టా చుట్టిన అద్దాన్ని రేపల్లె ప్యాసింజర్లో ఒళ్లో పెట్టుకుని, దారి పొడవునా ఎవరినీ తాకనివ్వకుండా తెచ్చారు. నున్నటి వైపు హాల్లోకి, గరుకు వైపు మా ఆడవాళ్ల గదిలోకి వచ్చేట్టు తలుపుకు బిగించారు. "ఇంక ఎవరొచ్చినా మీరు నిశ్చింతగా తిరగొచ్చు. అవతలోళ్లకి చీమంత కూడా కనపడదు" అని రోజూ చెప్పేవారు. మాకు కావలసింది కనపడకపోవడం కాదు, కనపడటం. ఆ సంగతి మగవాళ్లకు ఎలా చెబుతాం?

అయినా ఆశ చావదు కదా. హాల్లో కొత్త గొంతు వినపడితే చాలు, నాయనమ్మ, అమ్మ, మేనత్త, నేను వెళ్లి అద్దానికి నుదుళ్లు ఆనించేవాళ్లం. మొదట్లో పొగలో మనుషులు తిరుగుతున్నట్టు ఉండేది. కొన్నాళ్లకు చిత్రం జరిగింది. నేను తల ఆనించే చోట నాకు, నాయనమ్మ ఆనించే చోట నాయనమ్మకు అద్దం తేటపడింది! "చూశావటే, అలవాటైనోళ్లకి అద్దం కూడా దారిస్తది" అంది నాయనమ్మ. మా ఇంట్లో తలకు కొబ్బరినూనె రాసేవాళ్లం కాదు, పోసేవాళ్లం. ఆ నూనె గరుకులో ఇంకి అద్దాన్ని తేట చేస్తోందని ఎవరికీ తట్టలేదు. మాకు కనపడితే అవతలివాళ్లకూ కనపడతామన్నది అసలే తట్టలేదు. హాలు కుర్చీల్లో మేమెన్నడూ కూర్చోలేదు, నాన్న కుర్చీ చూస్తే తలుపుకు వీపు పెట్టి ఉండేది.

బాపట్ల నుంచి పెళ్లివారు వచ్చారు. పెళ్లికొడుకు బళ్లో మేష్టారు. నేను ముస్తాబై, నా తేట దగ్గర కన్ను పెట్టాను. మనిషి పల్చగా, బెదురుగా ఉన్నాడు. వాళ్ల బాబాయి ఆగకుండా మాట్లాడుతున్నాడు. అమ్మ పంపిన మిరపకాయ బజ్జీని పొగలు కక్కుతుండగానే కొరికాడు పెళ్లికొడుకు. మింగలేడు, పెద్దవాళ్ల ముందు ఉమ్మలేడు. కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. సరిగ్గా అప్పుడే నాన్న "ఎట్టా ఉంది బాబూ?" అన్నారు. "చాలా... బాగుందండి" అన్నాడు పాపం, నోట్లోంచి ఆవిరి వస్తుండగా. నాకు నవ్వు ఆగలేదు. ఇతనే అయితే బాగుండును అనిపించింది, నిజంగా అనిపించింది. అతను తలెత్తి సూటిగా అద్దం వైపు చూశాడు. చూసి, పకపకా నవ్వాడు.

నాన్న ముఖం మాడ్చుకుని లోపలికి వచ్చారు. "ఏంటే వీడు? తలుపును చూసి ఒక్కడే నవ్వుకుంటన్నాడు. బుర్రలో ఏదో తేడా ఉంది. కాఫీలిచ్చి పంపించేద్దాం" అన్నారు అమ్మతో గుసగుసగా. చూడక చూడక ఒక ముఖం చూశాను, అది కాస్తా కాఫీతో వెళ్లిపోతోంది.

వెళ్లేవాళ్లకైనా పిల్లను చూపించాలి గనక నన్ను తీసుకెళ్లి చాప మీద కూర్చోబెట్టారు. అక్కడి నుంచి తలుపు వైపు చూద్దును కదా, అద్దంలో ఒకటి పైన, ఒకటి మధ్యన, ఒకటి కింద మూడు కళ్లు టపటపా కొట్టుకుంటున్నాయి! కిందది నాయనమ్మది. అంటే ఇందాక నా కన్నూ ఇలాగే కనపడిందన్నమాట!

నాన్న ఊరుకోలేదు. "ఇందాక నవ్వారేంటి బాబూ?" అని అడిగేశారు. నేను తలెత్తి (గడుసుదంటే అననీ అనుకుని) అతన్ని చూశాను, చెప్పొద్దన్నట్టు. అతను నన్ను చూశాడు, అద్దాన్ని చూశాడు. "ఏం లేదండి. మీ అద్దం బాగుందండి. ఇట్టాంటిది ఎక్కడా చూళ్లేదు. ఎక్కడ కొన్నారు?"

అంతే. నాన్న కరిగి నీరైపోయారు. తెనాలి కొట్టు దగ్గర నుంచి ప్యాసింజరు ప్రయాణం దాకా చెప్పి, తిరుగు రైలుకు వాళ్లను తనే సాగనంపి వచ్చారు. "అద్దం విలువ తెలిసినోడు, మనిషి విలువ తెలియదా?" అంటూ, అద్దాన్ని తీరిగ్గా చూసుకుందామని పెళ్లికొడుకు కుర్చీలో కూర్చున్నారు. ఆయన ముఖం చూద్దామని మేం నలుగురం మామూలుగానే నుదుళ్లు ఆనించాం. నాన్న మా నాలుగు కళ్లనూ పైనుంచి కిందిదాకా చూసి, లేచి వెళ్లి తన కుర్చీలో తలుపుకు వీపు పెట్టి కూర్చున్నారు.

పెళ్లయ్యాక మొదటిసారి పుట్టింటికి వస్తే, సోడా పెట్టి తోమిన అద్దం తళతళలాడుతోంది. నా ఎత్తులో మాత్రం ఒక్క మరక ఉంది. "అదెంత తోమినా పోలేదమ్మా" అన్నారు నాన్న, పేపర్లోంచి తల ఎత్తకుండా. నాయనమ్మవీ, అమ్మవీ, మేనత్తవీ పోయాయి మరి!

ఆ ఇంట్లో ఇప్పుడు మా తమ్ముడు ఉంటున్నాడు. మొన్న వెళ్లినప్పుడు ఎవరూ చూడకుండా ఆ మరక దగ్గరకు వెళ్లాను. పసుపుపచ్చగా తిరిగింది. నేనే కుంచించుకుపోయానో ఏమో, మునివేళ్ల మీద నిలబడితేగాని కన్ను అందలేదు. నూనె మానేసిన జుట్టాయె, నుదురు ఎంత ఆనించినా అవతల మసక నీడలు తప్ప ఏమీ కనపడలేదు. అంతలో హాల్లోంచి మా ఆయన పకపకా నవ్వడం వినిపించింది.

"ఏంటి బావా, ఒక్కడివే నవ్వుతున్నావు?" అన్నాడు తమ్ముడు.

"ఏం లేదయ్యా. మీ అద్దం బాగుంది."